బుజ్జిదాని పుట్టినరోజు కార్డులు చేత్తో చేస్తానన్నావటగా

చిరంజీవి అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. బుజ్జిదాని రెండో పుట్టినరోజుకి పిలుపు కార్డులు కొననని, అన్నీ నువ్వే చేత్తో చేస్తానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్లో చెప్పి, "దానికి నువ్వే ఏదో ఒకటి చెప్పక్కా" అంది. వద్దని చెప్పమని ఆవిడ ఉద్దేశం. నేను చెయ్యమనే చెబుతాను. కాకపోతే ఒక్క మాట. ఒక కార్డు చెయ్యడం వేరు, ఇరవై కార్డులు చెయ్యడం వేరు. మొదటి దాని మీద ఉన్న సరదా ఎనిమిదో దానికి ఉండదు. కార్డుకి అరగంట పడితే ఇరవైకి పది గంటలు. రెండేళ్ల పిల్ల కాళ్లకి చుట్టుకుని తిరుగుతుంటే పది గంటలు ఎక్కణ్ణుంచి తెస్తావు? అందుకని ఏ డిజైన్ అనుకున్నా ముందు ఒకటి చివరికంటా చేసి గడియారం చూసుకో. పది నిమిషాలు దాటిందంటే అందులోంచి ఒక రిబ్బనో, ఒక పువ్వో తీసెయ్యి. మనసొప్పదు. అయినా తీసెయ్యి.

లెక్క మనుషుల్ని బట్టి కాదు, ఇళ్లని బట్టి వెయ్యి. ఇంటికొక్క కార్డు చాలు. దాని మీద ఓ నాలుగు ఎక్కువ చేసుకో. రాతలో రెండు పాడవుతాయి, ఆఖర్న ఎవరో గుర్తొస్తారు, ఒకటి పిల్ల పెద్దయ్యాక చూసుకోవడానికి దాచాలి.

కాగితం గురించి కాస్త వివరంగా చెబుతాను, సగం కార్డులు చెడేది ఇక్కడే. మామూలు ప్రింటు కాగితం 70, 80 జీఎస్ఎమ్ ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువన్నమాట. అది కార్డుకి పనికిరాదు, నిలబెడితే కూలబడుతుంది. 200 నుంచి 250 జీఎస్ఎమ్ ఉన్న కార్డ్ షీట్ తీసుకో. 300 దాటితే చేత్తో మడవడం కష్టం, మడతలో పగుళ్లొస్తాయి. ఏ4 షీటుని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని మధ్యకి మడిస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవున్న కార్డు వస్తుంది. ఒక షీటుకి రెండు కార్డులన్నమాట. దీనికి సి6 అనే సైజు కవరు సరిగ్గా సరిపోతుంది. కవర్లు ముందు తెచ్చుకుని కార్డు తర్వాత కొయ్యి. ముచ్చటపడి నలుచదరంగానో గుండ్రంగానో కోసేశావనుకో, తర్వాత కవర్లు కూడా నువ్వే చేసుకోవాలి.

మందపాటి షీటుని ఊరికే మడిచేయకు. గీత పడాల్సిన చోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక్కసారి గీయి. అక్కడ చిన్న గాడి పడుతుంది. ఆ గాడి లోపలికి కాదు, బయటికి ఉండేలా మడవాలి. చాలామంది తిరగేసి మడిచి, మడత నలిగిందని కాగితాన్ని తిట్టుకుంటారు. ఇంకొకటి, కాగితంలో నారకి ఒక దిక్కుంటుంది. షీటుని విరగనివ్వకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొద్దిగా వంచి చూడు. ఎటు సులువుగా వంగితే మడత అటు వచ్చేలా కోసుకో.

ఇక పిల్ల చెయ్యి. చేత్తో చేసిన కార్డు అంటున్నావు కాబట్టి దాని చెయ్యి కూడా పడాలని నీకుంటుంది. అందరూ చేసే పని పిల్ల అరచేతికి రంగు పూసి ప్రతి కార్డు మీదా అద్దడం. వద్దు. రెండేళ్ల పిల్ల చేతికి తడి తగలగానే పిడికిలి బిగిస్తుంది. మొదటి మూడు బాగా వస్తాయి, నాలుగోది నీ చీర మీద పడుతుంది. అద్దాలనే ఉంటే ఒక మంచి ముద్ర తీసి, దాన్నే జిరాక్స్ తీయించి అంటించు. అదీ నిద్ర లేచి, కడుపు నిండి, హుషారుగా ఉన్నప్పుడు. చేతిని కాగితం మీదికి లాక్కురాకు. గట్టి అట్టకి కాగితం తగిలించి, దాన్నే చేతి దగ్గరికి తీసుకెళ్లు.

నన్నడిగితే ఇంకో దారుంది. ఓ పెద్ద డ్రాయింగ్ షీటు నేల మీద పరిచి నాలుగు మూలలా టేపు వెయ్యి. కింద పాత దుప్పటి. ఫింగర్ పెయింట్ రెండు రంగులు, ఎరుపూ పసుపూ, రెండు మూతల్లో పోసి ముందు పెట్టు. పూస్తుందో, కొడుతుందో, మీద కూర్చుంటుందో దాని ఇష్టం. ఆ రెండూ ఎక్కడ కలిసినా నారింజే అవుతుంది, చెడేదేమీ లేదు. నీలం కూడా అప్పుడే ఇచ్చావా, మూడూ కలిసి మట్టి రంగు తేలుతుంది. ఎరుపూ పసుపూ పూర్తిగా ఆరాక, మర్నాడు నీలం ఇవ్వు. ఐదు నిమిషాలకే షీటు లాగేసుకోవాలి సుమా. ఏడుస్తుంది, ఇంకో తెల్ల కాగితం చేతికివ్వు. షీటు బాగున్నప్పుడు ఆపగలగడమే ఇందులో ఉన్న పనితనమంతా.

ఆరిన షీటుని ముక్కలుగా కోసి ఒక్కో కార్డుకి ఒక్కో ముక్క అంటిస్తే, ఇరవై కార్డులూ పిల్ల చేసినవే అవుతాయి, ఏ రెండూ ఒకేలా ఉండవు. కొయ్యడానికి పాత అట్ట మీద బెలూను ఆకారమో, 2 అంకెనో గీసి అచ్చు చేసుకో. రంగు వైపు పెన్సిలు గీతలు కనిపిస్తాయి కాబట్టి షీటు వెనక వైపు గీస్తావు. అప్పుడు అంకె అచ్చుని తిరగేసి పెట్టి గీయాలి, లేకపోతే కోశాక 2 ఎదురు తిరిగి ఉంటుంది. బెలూనుకి ఆ బెడద లేదు. అంటించడానికి గ్లూ స్టిక్ వాడు. నీళ్లలాంటి గమ్ము రాస్తే కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. అంటించినవన్నీ బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టు.

ఇంకో సంగతి, రంగుల పని అయ్యాకే రాత మొదలుపెట్టు. రాసిన కార్డు పాడైతే ఉసూరుమంటుంది, తెల్ల కార్డు పాడైతే ఇంకోటి తీసుకుంటావు.

మెరుపుల పొడి, పూసలు, గుండీలు, అంటించే కళ్ల బొమ్మలు ఏవీ వద్దు. పిల్లల పార్టీకి పిల్లలున్న ఇళ్లకే కదా పంపేది. మూడేళ్ల లోపు వాళ్లు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు. చిన్న వస్తువు గొంతుకి అడ్డం పడితే ఎంత ప్రమాదమో నీకు చెప్పక్కర్లేదు. పిన్నులూ అంతే. రంగు కొనేటప్పుడు కూడా పిల్లల కోసమని, నీళ్లతో కడిగితే పోతుందని డబ్బా మీద రాసుందో లేదో చూడు.

రాత తెలుగులో రాస్తున్నావు కదా, మంచిదే. అయితే గీతల మధ్య ఎడం ఇంగ్లీషుకి వదిలినట్టు వదిలితే చాలదు. పై వరస ఒత్తులు కింద వరస గుడి మీద కూర్చుంటాయి. "శుక్రవారం" అని రాసి, దాని కింద "మీరు" అని రాసి చూడు, నీకే తెలుస్తుంది. పెన్సిలుతో సన్నగా గీతలు గీసుకుని, అక్షరం ఎత్తుకి కనీసం రెండింతల ఎడం ఉంచు. పేరు ఒక్కటే పెద్దగా, మిగతాదంతా చిన్నగా. నునుపు కాగితం మీద జెల్ పెన్ను చాలాసేపటిదాకా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. స్కెచ్ పెన్ను కొన్ని కాగితాల్లో వెనక్కి దిగుతుంది. ఏదైనా ఓ తుంపు మీద గీసి, ఆరాక తుడిచి చూశాకే కార్డు మీద పెట్టు. పెన్సిలు గీతలు సిరా బాగా ఆరాకే చెరుపు.

ఏం రాయాలో నీకు తెలుసు, కానీ జనం మర్చిపోయేవి కొన్ని ఉన్నాయి. తేదీతో పాటు వారం రాయి. రెండూ రాస్తే ఒకటి తప్పైనా ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. మొదలయ్యే టైమే కాదు, ముగిసే టైమూ రాయి. ఇది మొహమాటపడే విషయం కాదు. రెండేళ్ల పిల్లలకి గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆ తర్వాత ఎవరి పిల్ల ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. నిద్ర వేళ చూసుకుని టైము పెట్టావని తల్లులు నిన్ను తలుచుకుంటారు. అన్నలూ అక్కలూ రావచ్చా లేదా అన్నది కూడా ఒక్క ముక్కలో రాసెయ్యి. "పిల్లలందరితో రండి" అంటే గొడవ లేదు. ఫలానా తేదీలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పమని, కింద ఫోన్ నంబరు. కవిత్వం రెండు లైన్లు మించనివ్వకు. పిల్లే పిలుస్తున్నట్టు "నాకు రెండేళ్లొస్తున్నాయి, ఆడుకుందాం రండి" అంటే సరిపోతుంది.

మొదటి కార్డు రాశాక మీ ఆయన చేత చదివించు. నువ్వు చదివితే నీ తప్పు నీకు కనిపించదు, మనసులో ఉన్నదే చదువుతావు. ఇరవై కార్డుల మీద తప్పు తేదీ పడితే దిద్దడం ఎవరి తరమూ కాదు.

మూడు వారాల ముందే చేతికి అందేలా చూడు. దూరం వాళ్లకి ఫొటో తీసి పంపుతానంటే, పగటి వెలుగులో కిటికీ పక్కన కార్డుని పడుకోబెట్టి, ఫ్లాష్ లేకుండా నిట్టనిలువుగా పైనుంచి తియ్యి. ఆ ఫొటో మాత్రం మనిషి మనిషికీ విడిగా పంపు. పిల్ల పేరు, పుట్టినరోజు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు నాలుగూ ఒక్క బొమ్మలో ఉంటాయి. అందరూ చూసే చోట పెట్టకు.

కవర్ల మీద పేర్లు రాసే పని మీ ఆయనకి అప్పగించు. దస్తూరీ బాగోదని తప్పించుకోబోతాడు, ఒప్పుకోకు. నా కార్డు మీద మాత్రం నువ్వే రాసి పంపు, కోసిన ముక్కల్లో ఎరుపు ఎక్కువున్నది చూసి.

ఉంటాను,
పెద్దమ్మ