తాతగారి ఇంటిని మేస్త్రి చేతికి ఇచ్చే ముందు

నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీర్వదించి రాయునది.

కావలిలో తాతగారి ఇంటిని బాగు చేయించి, ముందు భాగంలో నీ దంతవైద్యశాల పెట్టుకొని, పైన మీ అమ్మానాన్నలకు రెండు గదులు వేయించాలని నువ్వు నిశ్చయించుకున్నావని మొన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఇంటిని ఎవరికైనా అమ్మేస్తారేమోనని పదేళ్ళుగా లోలోపల భయపడుతున్నదాన్ని. అయితే పని ఏ బేల్దారి కుటుంబానికి అప్పగిస్తున్నారో ఆ తర్వాత చెప్పాడు. అది విన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. కారణం ఫోన్లో చెప్పగలిగేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కుటుంబమంతా కలిసి చేసే మేస్త్రి పనిలో ఉన్న మేలును నేను కాదనను. వాళ్ళు ఊరు విడిచి పోయేవాళ్ళు కారు. మూడేళ్ళ తర్వాత స్నానాల గది గోడ చెమ్మ పట్టిందని కబురు పెడితే, తండ్రి రాలేకపోయినా కొడుకు వచ్చి చూస్తాడు. కాని అదే కుటుంబంలో ఒక పెళ్ళో, పురుడో, కర్మో వచ్చిందంటే ఆగేది ఒక్క మనిషి కాదు, పని మొత్తం ఆగిపోతుంది. స్లాబు పోసిన మరునాడే అలా ఆగితే దానికి నీళ్ళు పెట్టే దిక్కుండదు. కాబట్టి తేదీలు అనుకునే ముందే, ఈ ఏడాది మీ ఇంట్లో శుభకార్యాలు ఏమున్నాయని మొహమాటం లేకుండా అడుగు. కరెంటు పనికీ పైపుల పనికీ వాళ్ళు బయటివాళ్ళను పిలుస్తారు. ఆ పనికి జవాబు చెప్పేది ఎవరో కూడా ముందే తేల్చుకో. డబ్బు మాత్రం ఒక్కరి చేతికే ఇవ్వు. పెద్దకొడుకు ఒకసారి, అల్లుడు ఒకసారి వచ్చి అడిగితే ఇచ్చుకుంటూ పోయినవాళ్ళ ఇళ్ళలో, చివరకు లెక్కలు కుదరక, అన్నదమ్ముల మధ్య మాట పెరిగి, పని గోడల మట్టంలోనే నిలిచిపోవడం నేను చూశాను.

కాగితం రాయించు. అడిగితే చిన్నబుచ్చుకుంటారని మీ నాన్న అంటాడు. అనుమానంతో అడిగితే చిన్నబుచ్చుకుంటారు గాని, ఇద్దరికీ గుర్తుండడానికని చెప్పి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. లేబరు మాత్రమేనా, సామానుతో కలిపా అన్నది అందులో మొదటి వాక్యం కావాలి. కొలత చదరపు అడుగుల్లోనే ఉండాలి. మన నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు అదే అంకణం 36. నోటిమాటగా అంకణాల్లో అనుకున్న బేరం చివరకు ఎటు తిరుగుతుందో చెప్పలేము. మెట్లు, సజ్జలు, పిట్టగోడ కొలతలోకి వస్తాయా రావా అన్నది కూడా రాసుకోండి. విప్పిన పాత టేకు ఇంటివాళ్ళదేనని స్పష్టంగా రాయించి, పని మొదలైన రోజే ప్రతి దూలం మీద రంగుతో అంకె వేయించు. అడ్వాన్సు తక్కువగా ఇచ్చి, పునాది, తలుపుల కిటికీల పైన వచ్చే లింటెలు, స్లాబు, పూత అని దశలవారీగా చెల్లిస్తూ, పదో వంతు మాత్రం ఒక వానాకాలం గడిచేదాకా నీ దగ్గరే ఉంచుకో. మునిసిపాలిటీ అనుమతి, వైద్యశాలకు వేరే కరెంటు మీటరు వంటివి నీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక అసలు సంగతి చెబుతాను.

1998లో మీ పెద్దవదిన పెళ్ళి కుదిరింది. కావలిలో మా అత్తగారి ఇల్లు నీకు గుర్తుండదు. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్నని కర్రలు, దంతెల మీద నిలువుగా పేర్చిన పలుచని ఇటుకలు, ఆ పైన సున్నపు జల్లి పోసి దిమ్మిస కొట్టిన పాత మిద్దె అది. వసారాకూ నడిమింటికీ మధ్యనున్న గోడ తీయించేస్తే రెండూ కలిసి పెద్ద హాలవుతుందని, నిశ్చితార్థం నాడు వియ్యాలవారికి ఇల్లు విశాలంగా కనిపిస్తుందని నాకు పట్టుదల పుట్టింది. పనికి ఒక పెద్దమేస్త్రి, ఆయన ఇద్దరు కొడుకులు, సున్నం కలిపే పెద్దకోడలు వచ్చేవాళ్ళు. పెద్దమేస్త్రి నిచ్చెన ఎక్కి, తాపీ కొసతో గోడ పైఅంచున పూత గీకి, దూలం కొస జానెడు మేర గోడలోకి దూరి ఉండడం నాకు చూపించాడు. ‘మీ దూలం ఈ గోడ మీద తల పెట్టుకొని పడుకొని ఉందమ్మా. తలగడ లాగేస్తే ఎట్టా?’ అన్నాడు. ముందు మిద్దెకు రెండు వైపులా సరుగుడు బాదులతో ఊతం పెట్టాలని, గోడ రెండు కొసల్లో కొత్తగా పునాది తీసి స్తంభాలు లేపాలని, వాటి మీద ఇనుప దూలం ఎక్కించి టేకు దూలాల కొసలు దాని మీద ఆనాకనే గోడను పై నుంచి వరుస వరుసగా విప్పాలని వివరించాడు. నలభై రోజులు పడుతుందన్నాడు. నిశ్చితార్థం ఇరవై రెండు రోజుల్లో ఉంది.

నాలుగు రోజుల తర్వాత, బావమరిది పోయాడని కబురు వస్తే ఆయన పెద్దకొడుకును వెంటబెట్టుకొని ఉదయగిరి వైపు వెళ్ళాడు. మరునాడు పొద్దున చిన్నకొడుకు ఒక్కడే పనిలోకి వచ్చాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు. వాడికి టీ ఇచ్చి, గోడ కొట్టేయమన్నాను. నాన్న వద్దన్నాడు గదమ్మా అన్నాడు. పోయేముందు నాతో సరేనన్నాడులే అన్నాను. అమ్మాయీ, అది అబద్ధం. పెద్దమేస్త్రి నాతో ఆ మాట అననే లేదు.

వాడు నా మాట నమ్మి, రెండు కొసల్లో మిగిల్చిన ఇటుక దిమ్మెల మీద ఒక పాత తాటి దూలాన్ని ఆనించి, రెండు రోజుల్లో గోడ తీసేశాడు. తండ్రి తిరిగి వచ్చేసరికి పూత కూడా అయిపోయింది. ఆయన ఆ దూలం వైపు చాలాసేపు చూసి, పెళ్ళి పనులు కాగానే ఇనుప దూలం ఎక్కించి తీరాలన్నాడు. నేను సరేనన్నాను. పెళ్ళయింది, ఖర్చులయ్యాయి, చూద్దాం చూద్దామని నెలలు గడిపాను.

ఆ నవంబరులో ముసురు పట్టింది. సున్నపు మిద్దె నీరు తాగి బరువెక్కింది. ఒక రాత్రి అన్నం తింటుంటే నా కంచంలో తెల్లని పొడి రాలింది. తలెత్తి చూస్తే దూలం పక్కన వెంట్రుకంత చీలిక ఉంది. రేపు మేస్త్రిని పిలిపిద్దామనుకొని, కంచాన్ని పక్కకు జరుపుకొని తినేశాను. తెల్లవారుజామున నాలుగు దంతెల మేర మిద్దె కూలింది. రోజూ మా అత్తగారు మంచం వేసుకునేది సరిగ్గా అక్కడే. ఆ సాయంత్రం జల్లు కొడుతోందని ఆమె తనంతట తానే మంచాన్ని వంటింటి వైపు లాక్కోవడం వల్ల బతికింది.

పొద్దున పెద్దమేస్త్రి వచ్చి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి, చిన్నకొడుకును వీధిలో పదిమంది ముందు చెంప మీద కొట్టాడు. వాడు నా వైపు చూశాడు. నేను నోరు విప్పవలసింది అప్పుడే. నేను విప్పలేదు, వాడూ విప్పలేదు. తప్పు తన ఇంటిదేనని నమ్మి, పెద్దమేస్త్రి రూపాయి కూలి తీసుకోకుండా ఇరవై రోజులకు పైగా పనిచేసి మిద్దె నిలబెట్టి వెళ్ళాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నిజం నా నోట వినకుండానే పోయాడు. ఆనాడు చెంపదెబ్బ తిన్న ఆ కుర్రవాడే ఈనాడు ఇద్దరు కొడుకులతో కలిసి నీ ఇంటి పనికి రాబోతున్న మేస్త్రి.

ఇప్పుడు నా భయం నీకు అర్థమై ఉంటుంది. తండ్రి వద్దన్న పనిని కొడుకు చేత చేయించుకునే వీలు ఇలాంటి కుటుంబాల దగ్గర ఎప్పుడూ ఉంటుంది, ముఖ్యంగా తొందరలో ఉన్నవాళ్ళకు. నువ్వు హైదరాబాదులో ఉంటావు. పొద్దున తండ్రికి ఒకటి, మధ్యాహ్నం కొడుక్కి ఇంకొకటి ఫోన్లో చెప్పవద్దు. ముగ్గురినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, ఏ మార్పయినా అందులోనే రాయి. గోడ, దూలం, పిల్లరు, స్లాబు విషయంలో మాత్రం ఇంజనీరు గీసిన ప్లాను, మేస్త్రి సంతకం రెండూ లేనిదే ఎవరూ సుత్తి పట్టకూడదు. నీకు తొందరగా ఉన్న రోజున ఈ మాట మరింత గుర్తుంచుకో.

తాతగారి ఇంటి గుట్టు తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ మీ నాన్నా. అప్పట్లో వాడికి క్రికెట్ తప్ప మరేదీ పట్టేది కాదు కాబట్టి నేనే చెబుతాను. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు ఆ ఇంటి వెనక భాగంలో పెంకులన్నీ లేచిపోయాయి, వెనక గోడ పడిపోయింది. ఇంటిల్లిపాదీ ముందు మిద్దె కింద చేరి రాత్రంతా కూర్చున్నాము. ఆ గోడను తాతగారు చేతిలో డబ్బు లేక మట్టి అడుసుతోనే తిరిగి కట్టించి, పైకి సిమెంటు పూత వేయించారు. చూడడానికి మిగతా గోడల్లాగే ఉంటుంది. ఇంజనీరు వచ్చినప్పుడు అక్కడ పూత రాలగొట్టించి చూపించు. జామచెట్టు ఉన్న చోట పూర్వం చేదబావి ఉండేది. ఉప్పునీళ్ళు పడ్డాయని చెత్తతో, మట్టితో పూడ్చేశాము. పిల్లరు గుంత ఆ మేరకు వచ్చిందంటే పునాది కుంగుతుంది. పైగదుల భారం పాత గోడల మీద అసలే వేయించవద్దు. కొత్త పునాది నుంచి పిల్లర్లు లేపి, పైభాగం తన బరువు తానే మోసుకునేలా కట్టించు. ముందు గదుల గోడలు గుల్లసున్నంతో కట్టినవి. వాటికి సిమెంటు పూత వేస్తే చెమ్మ బయటికి పోలేక, ఉప్పు పొంగి, రెండేళ్ళలో పెచ్చులూడుతుంది. సున్నపు పూతే వేయమని చెప్పు. ఆ పని చేతనైన కుటుంబాన్ని పెట్టుకుంటున్నావు కూడా.

దసరాకు మొదలుపెట్టి సంక్రాంతికి గృహప్రవేశం చేస్తావని మీ నాన్న అన్నాడు. ఈ ముహూర్తం నీకెవరు పెట్టారు? మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే పడతాయని, ఆ వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో బడికి వెళ్ళినదానివి, నీకు తెలియదా? మిద్దె విప్పి ముసురులో కూర్చుంటావా? సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టు. ఎండలు ముదిరే లోపు స్లాబు పోయడం అయిపోవాలి, వానలు తిరిగి వచ్చే లోపు పూతలన్నీ ముగియాలి. కోప్పడ్డానని బాధపడకు తల్లీ. నువ్వు ఆ కప్పు కింద రోగులను కూర్చోబెట్టుకోబోతున్నావు.

స్లాబు సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. ఇసుక ఏటిదే కావాలి. ఉప్పుకయ్యల ఇసుక కలిస్తే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. చిటికెడు నాలుక మీద వేసుకుంటే నీకే తెలుస్తుంది. 12 ఎం.ఎం. రాడ్డు 12 మీటర్ల పొడవుది పదిన్నర కేజీలకు తగ్గకుండా తూగాలి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటినదాన్ని వెనక్కి పంపు. కాంక్రీటు సులువుగా జారాలని కూలీలు నీళ్ళు ఎక్కువ పోస్తారు. 50 కేజీల బస్తాకు 30 లీటర్లు మించితే బలం పోతుంది. ఇప్పుడు వచ్చే, బూడిద కలిసిన పి.పి.సి. రకం సిమెంటుకు 14 రోజులు తడి ఆరకూడదు కాబట్టి, స్లాబు మీద మట్టితో గట్లు కట్టించి నీళ్ళు నిలబెట్టించు. ఊతాలు స్లాబుకు 14 రోజుల లోపు, బీములకు 21 రోజుల లోపు తీయనివ్వకు. ఆ రోజుల్లో మీ అమ్మానాన్నలను ఇంట్లో పడుకోనివ్వకు. పై పని సాగినన్నాళ్ళూ వాళ్ళు నా దగ్గరే ఉంటారు. ఇది అడగడం కాదు, చెబుతున్నాను.

చివరి రూపాయి దాకా బేరం చేయవద్దు. నువ్వు తగ్గించిన డబ్బు నీళ్ళు పెట్టే కూలిలోనో, కలపవలసిన సిమెంటులోనో తగ్గుతుంది. వాళ్ళ ఇంటి కోడళ్ళు ఇసుక జల్లించడానికి వస్తే వాళ్ళ కూలి వాళ్ళ చేతికే అందేలా చూడు.

మేస్త్రి గోడలు చూడడానికి వచ్చే రోజు ఏదో నాకు వారం ముందుగా చెప్పు. పొద్దుటి రైలెక్కితే గంటలో కావలిలో ఉంటాను. ఆయన కొడుకులిద్దరినీ కూడా తప్పకుండా రమ్మను. వాళ్ళు వింటుండగానే ఆయనతో నేను ఒక మాట చెప్పాలి. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఎందుకని మీ నాన్న అడ్డుపెడతాడు, వినకు. వసారాలో నాకొక కుర్చీ వేయించు చాలు.

ఇట్లు,
మీ అత్త