కళ్ళా? కల్లా? చెల్లాయికి ఫోన్ సంగతులు

చెల్లాయ్,

నా కంటి ఆపరేషన్ అయిన రెండో రోజు నువ్వు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టావు, గుర్తుందా? కళ్ళు బాగున్నాయా అని, ఇంగ్లీషు అక్షరాల్లో. నాకేమో కంటికి నల్లద్దాలు, చదవలేను, మీ వదిన చదివింది, చదివి నా మొహం చూసి "మీ చెల్లెలు కల్లు బాగున్నాయా అంటంది, నాకు తెలీకుండా ఎన్ని ముంతలు తాగారేంటి" అంది. నవ్వకూడదు కంటి మీద ఒత్తిడి పడుద్ది అన్నాడు డాక్టరు, ఇంక చూస్కో నా అవస్థ.

తప్పు నీది కాదులే. ఇంగ్లీషులో ఎల్ ఒకటే, మనకి ల ఉంది ళ ఉంది, వాళ్ళకి టీ ఒకటే, మనకి త వేరు ట వేరు. బావగారు ఆమధ్య తాత వచ్చాడు అని పెడితే నేను టాటా వచ్చాడు అని చదివి ఏ టాటా అని ఫోన్ చేశా. పైగా ఆ ఇంగ్లీషు కీబోర్డు మనం కొట్టేది తెలుగని తెలీక దానికి నచ్చిన ఇంగ్లీషు మాటలోకి మార్చేసుద్ది, అదొక గోల. అందుకని నువ్వు మొన్న ఫోన్లో అడిగింది, తెలుగులో ఎలా కొట్టాలి అన్నయ్యా, అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయి ఏం చెయ్యాలి అని, రెండూ కలిపి రాస్తున్నా. ఫోన్లో నోటితో చెప్తే నువ్వు ఆ ఆ అంటావు, పెట్టెయ్యగానే మర్చిపోతావు, నాకు తెలుసు. ఇది దగ్గర పెట్టుకుని నిదానంగా చెయ్యి.

ముందు ఒక మాట. మీ వాడు ఫోన్ కొనిచ్చి వెళ్తా వెళ్తా ఫోన్ మొత్తం తెలుగులోకి మార్చనా అమ్మా అన్నాడన్నావు చూడు, వద్దు. ఫోన్ భాష వేరు, కీబోర్డు భాష వేరు. ఫోన్ భాష మార్తే సెట్టింగ్స్‌లో మాటలన్నీ తెలుగైపోతాయి, వినటానికి బానే ఉంటది గానీ, రేపు ఏదన్నా ఇబ్బందొచ్చి మీ వాడికి ఫోన్ చేస్తే వాడు అక్కణ్ణుంచి అమ్మా ఫలానాది నొక్కు అని ఇంగ్లీషు పేరు చెప్తాడు, నీ ఫోన్లో దాని పేరు ఇంకోటి ఉంటది, ఇద్దరూ గంటసేపు పోట్లాడుకుంటారు. మా ఎదురింటి మాస్టారికి నేనే మార్చిపెట్టా, వారం తిరక్కుండా నేనే మళ్ళీ వెనక్కి మార్చా. నీకు ఇంగ్లీషు చదవటం వచ్చు కదా, ఫోన్ని అట్టాగే ఉంచి కీబోర్డు ఒక్కటీ తెలుగు చేసుకో చాలు. వాట్సాప్ ఒక్కటి తెలుగులో కావాలంటే దాని సెట్టింగ్స్‌లోనే యాప్ లాంగ్వేజ్ అని విడిగా ఉంటది, అది మార్చుకోవచ్చు, మిగతా ఫోన్ కదలదు.

ఇప్పుడు కీబోర్డు. వాట్సాప్ తెరిచి నా పేరు నొక్కి మెసేజ్ రాసే గడిలో వేలు పెడితే కింద కీబోర్డు వచ్చిద్ది కదా, దాంట్లో కామా ఉంటది, ఆ కామాని నొక్కి పట్టుకో, వదలొద్దు, చిన్న పళ్ళ చక్రం బొమ్మ వచ్చిద్ది, వేలు దాని మీదకి జరిపి వదిలితే కీబోర్డు సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ఇది గూగుల్ వాళ్ళ జీబోర్డు అయితే. అందులో పైనే లాంగ్వేజెస్, అది నొక్కి యాడ్ కీబోర్డ్ నొక్కి తెలుగు వెతుక్కో. శామ్‌సంగ్ వాళ్ళ సొంత కీబోర్డు అయితే దారి వేరు, సెట్టింగ్స్‌లో జనరల్ మేనేజ్‌మెంట్, అందులో శామ్‌సంగ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో లాంగ్వేజెస్ అండ్ టైప్స్, తెలుగుని డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఒక్కసారి చేస్తే చాలు.

జీబోర్డులో తెలుగు నొక్కగానే ఏ రకం కావాలి అని బొమ్మలు చూపిచ్చిద్ది, ఇక్కడే అందరూ తికమక పడేది. ఒకటి అచ్చ తెలుగు అక్షరాల కీబోర్డు, ఇంకోటి ఏబీసీ అని రాసి బాణం గుర్తు పెట్టి తెలుగు అని ఉంటది, అంటే నువ్వు ఇప్పుడు కొట్టినట్టే ఇంగ్లీషు అక్షరాల్తో కొడితే అది తెలుగులోకి మార్చి ఇచ్చిద్ది. రెండూ టిక్కు పెట్టేసుకో. ముందు నెల రోజులు ఆ ఏబీసీ బాణం దాంతో కొట్టు, చెయ్యి తిరుగుద్ది. కీబోర్డు పైన వరసలో రెండు మూడు మాటలు చూపిస్తా ఉంటది చూడు, కళ్ళు, కల్లు రెండూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి, నీకు కావాల్సింది వేలితో నొక్కు, స్పేస్ కొట్టేసి ముందుకి పోబాకు. స్పేస్ కొడితే దానికి ఇష్టమైంది పెట్టుద్ది, మళ్ళీ మీ వదిన చేతిలో నా పని అయిపోద్ది.

ఇంగ్లీషుకి మళ్ళీ రావాలంటే భూగోళం బొమ్మ నొక్కటమే. అది కనపడకపోతే స్పేస్ బార్ నొక్కి పట్టుకో, భాషల లిస్టు వచ్చిద్ది. శామ్‌సంగ్ కీబోర్డులో అయితే స్పేస్ బార్ మీద వేలు పక్కకి జరపటమే. బస్సు టికెట్టుకి పేరు, మెయిల్ అడ్రస్, ఇట్టాంటివి ఇంగ్లీషులోనే కొట్టాలి, అక్కడ తెలుగులో కొట్టి తీసుకోట్లేదేంటి అని తిట్టుకోబాకు.

నెల తర్వాత అచ్చ తెలుగు కీబోర్డు మొదలుపెట్టు. నేను తెనాలిలో సీసం అక్షరాలు ఏరి పేర్చిన వాణ్ణి, తర్వాత ఇరవై ఏళ్ళు డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు పేర్చే పని, చేసిన వాణ్ణి, నా మాట నమ్ము, చూడ్డానికి భయంగా ఉంటది గానీ దాని సంగతి అర్థమైతే అదే తేలిక. ప్రెస్సులో మాకు ఒత్తులు వేరే గళ్ళలో, గుణింతాలు వేరే గళ్ళలో ఉండేయి, ఒక్కో అక్షరానికి చెయ్యి ఎక్కడెక్కడికో పోయేది. ఫోన్లో ఆ బాధ లేదు. ఒక్కటే గుర్తుపెట్టుకో, ఒత్తు అని విడిగా ఏ బటనూ ఉండదు. పొల్లు ఉంటది, నకారపొల్లు మీద ఉండే ఆ తోక, అది పెట్టి తర్వాత హల్లు కొడితే ఆ హల్లు దానంతట అదే కిందకి పోయి ఒత్తైపోద్ది. అమ్మ అని రాయాలంటే అ, మ, పొల్లు, మ. అంతే. స్త్రీ అనాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈకారం గుడి. చూడ్డానికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో 6. అందుకే వెనక్కి చెరిపేటప్పుడు అక్షరం మొత్తం ఒకేసారి పోదు, ముందు గుడి పోద్ది, తర్వాత ర పోద్ది, ఒక్కో ముక్కా ఊడి వచ్చిద్ది, ఫోన్ పాడైందనుకోబాకు. మామూలు ఎస్సెమ్మెస్ కూడా అంతే, ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి, ఆ 70లో కూడా స్త్రీ ఒక్కటే 6 తినేసుద్ది. అందుకని పొడుగు కబుర్లు వాట్సాప్‌లోనే పెట్టు.

ఒత్తు దానంతట అదే రావటంలో ఒక చిక్కు కూడా ఉంది. రాజ్‌కుమార్ అని రాయబోతే జ కింద క ఒత్తు పోయి రాజ్కుమార్ అని కూర్చుంటది, నాకైతే అది చూస్తే పంటి కింద రాయి పడ్డట్టు ఉంటది. దానికి మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి పెట్టాలి, దాని పని ఇక్కడ అతక్కు అని చెప్పటం. ఏబీసీ బాణం దాంట్లో కొడితే పైన చూపిచ్చే మాటల్లో సరైంది చాలాసార్లు వచ్చిద్ది, అది ఎంచుకుంటే ఆ గుర్తు అదే పెట్టుకుంటది. ఆ కనపడని గుర్తు మామూలుది కాదు చెల్లాయ్, 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని వణికించింది అదే. జ్ఞకి దీర్ఘం పెట్టే చోట ఆ గుర్తు ఇరుక్కున్న అక్షరం ఒక్కటి మెసేజ్‌లో వస్తే చాలు, ఆ మెసేజ్‌ల యాప్ తెరుచుకోకుండా టపీమని మూసుకుపోయేది, కంపెనీ ఆ నెలలోనే 11.2.6 అని అప్‌డేట్ ఇచ్చి సర్దుకుంది. ప్రపంచం మొత్తం తెలుగు అక్షరం తెలుగు అక్షరం అని పేపర్లో రాశారు. మన జ్ఞానం అంత బరువైంది మరి.

వేళ్ళు నొప్పి పుడితే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి మాట్లాడు, తెలుగులో అదే రాసుకుంటది, బానే రాసుద్ది, కాకపోతే కుక్కర్ కూతలు, టీవీ లేనప్పుడు. చెప్పాక ఒకసారి చదువుకుని పంపు. నేను ఒకసారి వియ్యపురాలు అంటే అది ఇంకేదో రాసింది, అది ఇక్కడ రాయను.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెప్తున్నా. ప్లే స్టోర్‌లో తెలుగు కీబోర్డు అని కొడితే బోలెడు వస్తాయి, పువ్వులు, దేవుళ్ళ ఫోటోలు వెనకాల పెట్టుకోవచ్చు అని. వద్దు. కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఫోనే ఒక హెచ్చరిక చూపిచ్చిద్ది, నువ్వు కొట్టేదంతా, పాస్‌వర్డులు కార్డు నంబర్లతో సహా, ఇది సేకరించే అవకాశం ఉంది అని. జనం చదవకుండా ఓకే కొట్టేస్తారు. ఫోన్‌తో వచ్చింది, లేకపోతే జీబోర్డు, ఆ రెండూ చాలు మనకి.

ఇక అక్షరాల సైజు. శామ్‌సంగ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో ఫాంట్ సైజ్ అండ్ స్టైల్, అక్కడ ఒక గీత మీద చుక్క ఉంటది, కుడి పక్కకి జరిపితే పెద్దవి అవుతాయి. అక్కడే బోల్డ్ ఫాంట్ అని ఉంటది, అది ఆన్ చెయ్యి, నన్నడిగితే సైజు కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం, సన్న గీతల అక్షరాలు లావవుతాయి. చుక్కని మాత్రం చివరిదాకా లాగెయ్యబాకు. ఇంగ్లీషు అక్షరానికి పైకీ కిందకీ పెద్ద పొడుగు ఉండదు, మనకి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. కొన్ని యాప్‌లు ఇంగ్లీషుని చూసుకుని గళ్ళు కట్టినయ్యి, సైజు మరీ పెంచితే మన గుడులు పైన కోసుకుపోతాయి, ఒత్తులు కింద మునిగిపోతాయి, బటన్ మీద మాట సగమే కనపడిద్ది. నేను చివర్నుంచి రెండు మెట్లు తగ్గించి పెట్టుకున్నా. దాని కిందే స్క్రీన్ జూమ్ అని ఇంకోటి ఉంది, అది బొమ్మల్నీ బటన్లనీ కూడా పెంచుద్ది, అది ఒక మెట్టు పెంచితే సరిపోద్ది. వాట్సాప్ కబుర్లకి మళ్ళీ విడిగా దాని సెట్టింగ్స్‌లో చాట్స్, ఫాంట్ సైజ్, లార్జ్ పెట్టు.

స్క్రీన్ టైమౌట్ రెండు నిమిషాలు చెయ్యి. కొత్త ఫోన్లో అది 30 సెకన్లే ఉంటది, నువ్వు ఒక మాట కొట్టి రెండో అక్షరం ఎక్కడుందా అని వెతికేలోపు చీకటైపోద్ది, అసలు నువ్వు విసుక్కుని ఇంగ్లీషు అక్షరాల్లోకి పోయేది ఇందుకే అని నా అనుమానం. వెలుతురికి అడాప్టివ్ బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంచు, ఎండలో అదే పెంచుకుని గదిలో అదే తగ్గించుకుంటది. రాత్రి ఐ కంఫర్ట్ షీల్డ్ అని ఉంటది, తెర కాస్త పసుపు పచ్చగా మారుద్ది, బాగుంటది. డార్క్ మోడ్ మాత్రం పిల్లలు పెట్టమంటారు, నాకు పడలా. నల్లటి దాని మీద తెల్లక్షరాలు నా కంటికి వెలుగు చిమ్మినట్టు ఉండి ణ ఏదో ఒ ఏదో తెలీదు, నీ కంటికి ఎట్టా ఉంటదో పెట్టి చూస్కో.

పొరపాటున ఫోన్ ఏ చైనా భాషలోకో మారిపోయిందనుకో, కంగారు పడబాకు, బొమ్మలు మారవు. పళ్ళ చక్రం బొమ్మ సెట్టింగ్స్, అందులో జనరల్ మేనేజ్‌మెంట్ అయితే అడ్డ గీతల మీద చుక్కల బొమ్మ ఉంటది, అది తెరిస్తే మొట్టమొదటి వరసే భాష. ఆ బొమ్మ ఎట్టా ఉందో ఇప్పుడే ఒకసారి చూసి పెట్టుకో.

బావగారు వాళ్ళ సంఘం కరపత్రం తెలుగులో పంపితే నీ ఫోన్లో పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాల ముద్దలా వచ్చిందన్నావు కదా, అది నీ ఫోన్ తప్పు కాదు, అది పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టింది. మేం కొట్టిన రోజుల్లో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవాళ్ళు, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లోనే తెలుగు, బయటికి తీస్తే చెత్త. యూనికోడ్ అని 1991లో మొదలుపెట్టి ప్రపంచ భాషలకి తలా కొన్ని గళ్ళు ఇచ్చారు, మనకి 128 వచ్చాయి, ఇప్పుడు ఫోన్లు వాడేది అదే. ఆండ్రాయిడ్లో కూడా 2012లో వచ్చిన 4.1 నుంచే తెలుగు సక్రమంగా ఉంది, అంతకు ముందు చాలా ఫోన్లలో మనకి కనపడేది డబ్బాలే. ఆ కరపత్రాన్ని పీడీఎఫ్ చేసి పంపమను, ఏ ఫోన్లో అయినా కనపడుద్ది.

ఉసిరికాయ పచ్చడి కొలతలు మీ వదిన మళ్ళీ అడుగుతుంది. పోయినసారి ఇంగ్లీషు అక్షరాల్లో పంపావు, ఏది ఎంతో తెలీక పక్కన పెట్టేసింది. ఈసారి తెలుగులో కొట్టి పంపు, తప్పులున్నా పర్లేదు, నేను ప్రూఫు చూసిపెడతా.

మీ పెద్దన్నయ్య