చేట అన్నాడా, చాట అన్నాడా

అమ్మలూ,

వచ్చే గురువారం నీ మొదటి అవేక్ కేసని, పేషెంటు మెలకువగా ఉండగా చేసే మెదడు ఆపరేషన్లో మాట పరీక్షించేది నువ్వేనని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. మెదడులో ఎక్కడి నుంచి ఎక్కడికి లింకుందో కరెంటు పెట్టి రికార్డు కూడా చేస్తారటగా. ఆనందం పట్టలేక పక్కింటావిడకి చెబితే, "తల తెరిచిపెట్టి మాట్లాడిస్తారా తల్లీ!" అని గుండె మీద చెయ్యేసుకుంది. నాకూ టెన్షన్‌గానే ఉంది, అయితే నా భయం వేరు.

తేలికవి ముందు చెప్పేస్తాను. థియేటర్ చల్లగా ఉంటుంది, లోపల స్వెట్టర్ వేసుకో. టిఫిన్ మానకు. పేషెంటు పెదాలు తడపడానికి తడి గాజుగుడ్డ దగ్గర పెట్టుకో. మూతి ఒక పక్కకి లాగినా వేలు అదిరినా మొహమాటపడకుండా గట్టిగా చెప్పు, ఫిట్స్ పెరగకుండా వాళ్లు మెదడు మీద చల్లటి రింగర్ లాక్టేట్ సెలైన్ పోస్తారు. మాటకి అవసరమైన చోటు కోయకుండా గుర్తుపట్టడానికే కదా కరెంటు పెట్టి మాట్లాడించేది, అది ఎప్పుడు పెడుతున్నారో పేషెంటుకి తెలియనివ్వకు. ప్రతి బొమ్మకీ "ఇది గొడ్డలి" అని పూర్తిగా చెప్పించు. "ఇది" అని ఆగిపోతే పేరు దొరకలేదన్నమాట, "ఇది" కూడా రాకపోతే మాటే ఆగిందన్నమాట. ఒక్కో చోటుని మూడుసార్లు చూడాలి, వెంటవెంటనే మాత్రం కాదు.

ఇక నా సంగతి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

నేను చూసిన ఒక అవేక్ కేసు, పేషెంటు బస్సు కండక్టరు, శ్రీకాకుళం వైపు మనిషి. ఎడమవైపు గడ్డ, నెమ్మదిగా పెరిగే రకం. ముందురోజు సాయంత్రం వార్డుకెళ్లి బొమ్మలన్నీ చూపించి, తడబడినవి తీసేయాల్సింది నేను. ఆరోజు మీ అన్నకి జ్వరం, జూనియర్ అమ్మాయిని పంపించాను. ఆ పిల్ల బుద్ధిగా అన్నింటికీ టిక్కులు పెట్టి తెచ్చింది. టిక్కు చూస్తే బొమ్మ తెలుసని అర్థమవుతుంది గానీ ఏ మాట అన్నాడో, ఎలా పలికాడో ఏం తెలుస్తుంది?

మర్నాడు పైపొర దగ్గర అంతా బాగానే జరిగింది. గడ్డ తీస్తూ లోపలికి, తెల్లటి నరాల కట్టల దాకా వెళ్లాక సర్జన్ గారు మళ్లీ కరెంటు పెట్టారు, నేను చేట బొమ్మ చూపించాను. "ఇది చాట" అన్నాడు. విజయవాడ దాన్ని కదా, వాళ్ల యాసేమోలే అనుకుని లోపల నవ్వుకున్నాను కూడా. "ఓకే సార్" అన్నాను. ఇంకాసేపటికి గొడ్డలిని "గొడ్డని" అన్నాడు. నోరెండింది, అలిసిపోయాడు, మొదలుపెట్టి గంటన్నర దాటింది అని నాకు నేనే సర్దిచెప్పుకుని మళ్లీ "ఓకే" అన్నాను. సర్జన్ గారు నా మాట నమ్మి ఇంకాస్త లోపలికి వెళ్లారు.

మాట వినే చోటునీ పలికే చోటునీ కలిపే నరాల కట్ట, ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్, దాని దగ్గర కరెంటు తగిలితే అక్షరాలు తారుమారవుతాయని పుస్తకంలో చదివినదాన్నే, ఎదురుగా జరుగుతుంటే పట్టుకోలేకపోయాను. మెలకువ వచ్చాక చిలకపాలెం "చికలపాలెం" అయింది, పైడిభీమవరం "పైబీడిమవరం" అయింది. ఏళ్ల తరబడి అరిచిన స్టాపులవి. వాళ్లావిడని అడిగితే, "మా ఇంట్లో చేట అనే అంటామమ్మా" అంది. అంతే. ఆ ఒక్క ప్రశ్న ముందురోజు వేస్తే సరిపోయేది. స్టాపుల లిస్టే పాఠంగా పెట్టుకుని మూడు నెలలు కూర్చోబెట్టి పలికించాను, చాలావరకు వచ్చింది. పొడుగు పేర్ల దగ్గర మాత్రం ఆగేవాడు, ఆగి నావైపు చూసేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ పోదు నాకు.

అందుకే చెవి పట్టుకుని చెబుతున్నాను, ఎవర్నీ పంపకు, నువ్వే వెళ్లు. ఫోన్‌లో వీడియో తీసుకో, ఒప్పుకుంటేనే. కార్డు వెనక ఆయన అన్న మాట అన్నట్టే రాయి.

మీరు చేసే రికార్డింగు గొప్పదే, కాదనను. సెకనుకొకటి చొప్పున చిన్న పల్సు ఇస్తూ, వేరేచోట పరిచిన ఎలక్ట్రోడ్‌లో కొన్ని పదుల మిల్లీసెకన్లలో లేచే అలని పట్టుకోవడం. 2004లో మత్సుమోతో అనే పరిశోధకుడూ వాళ్ల బృందమూ భాషా ప్రాంతాల మధ్య ఈ లింకులనే చూపించారు. దానికి పేషెంటు నోరు విప్పక్కర్లేదు, నాకు భయం అక్కడే. రోడ్డుందని ఆ అల చెబుతుంది సరే, దాని మీద ఏ బస్సు తిరుగుతోందో ఆయన నోటి నుంచే రావాలి. అందరూ స్క్రీన్ మీదకి వంగినప్పుడు కూడా నువ్వు ఆ గుడ్డ కింద ఆయన మొహం వదలకు. అనుమానం వస్తే "మళ్లీ చూద్దాం సార్" అను. విసుక్కుంటే విసుక్కోనీ, ఎంత పెద్దాయనైనా సరే.

ఏమో, చిన్నప్పుడు నన్నే సరిదిద్దేదానివి, "బకెట్టు కాదు పెద్దమ్మా, బాల్చీ" అని. నీకింత చెప్పాలా అని కూడా అనిపిస్తోంది.

నా పాత కార్డుల డబ్బా కొరియర్‌లో పంపించాను, బుధవారంలోపు అందుతుంది. కొత్తవి నీకు ఉంటాయిలే, ఊరికే ఉంచుకో. చేట కార్డు వెనక పెన్సిల్‌తో రాసింది మాత్రం చెరపకు. అయ్యాక ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, నేను పడుకోను.

పెద్దమ్మ