వంటగదిని అడగవలసిన ప్రశ్న వేరు

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. వేరుశనగ, నువ్వులు పడవు. రెండేళ్ల క్రితం గొంతు వాచి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అప్పుడు వైద్యులు రాసిచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను మా దగ్గర ఉంది. ఈ సెలవుల్లో తొలిసారిగా విదేశానికి వెళ్తున్నాము. ప్యాకెట్ల మీది వివరాలు చదవడం మాకు బాగా అలవాటే. విమానంలోను, హోటళ్లలోను ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ పెన్ను సంగతి చూడండి. ఇలాంటి పెన్నులకు గడువు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర మాత్రమే ఉంటుంది కనుక రెండేళ్ల నాటిది ఈపాటికి పనికిరాకుండా పోయి ఉండవచ్చు. పైగా మీ అబ్బాయి ఈలోగా ఎదిగాడు. 30 కిలోల లోపు పిల్లలకు 0.15 మిల్లీగ్రాములు, ఆపైన 0.3 మిల్లీగ్రాములు ఇవ్వడం రివాజు; 25 కిలోలు దాటగానే పెద్ద మోతాదుకు మార్చే వైద్యులూ ఉన్నారు. అందువల్ల బయలుదేరే ముందు వైద్యుణ్ణి కలిసి సరైన మోతాదువి రెండు పెన్నులు, వాటితోపాటు ఒక ధ్రువీకరణ లేఖ తీసుకోండి. చాలా దేశాల్లో ఈ పెన్నులు మందుల దుకాణంలో దొరకవు కనుక అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చునని అనుకోవద్దు. వాటిని చెక్ ఇన్ సామానులో వేయకుండా మీ చేతిసంచిలోనే, సీటు కింద అందేటట్లు పెట్టుకోండి. 20 నుంచి 25 డిగ్రీల వేడిలో నిలవ ఉండవలసిన మందు అది. ఎండలో ఆపిన కారులో వదిలినా, మంచు ముక్కల మీద పెట్టినా పాడవుతుంది.

ఇక ప్యాకెట్లు చదివే అలవాటు మంచిదే కాని, సరిహద్దు దాటాక దాని మీద పూర్తిగా ఆధారపడలేము. ఏయే పదార్థాలను అలెర్జీ కారకాలుగా తప్పనిసరిగా తెలపాలనే విషయంలో ఏ దేశం జాబితా దానిదే. ఐరోపా సమాఖ్యలో నువ్వులతో సహా 14 వర్గాల పదార్థాలను తెలపాలి; 2014 డిసెంబరు నుంచి హోటళ్లలో వడ్డించే ఆహారానికి కూడా ఆ నియమం వర్తిస్తోంది. అమెరికా జాబితాలోకి నువ్వులు తొమ్మిదో పదార్థంగా 2023 జనవరి 1 నుంచి మాత్రమే వచ్చాయి. ఆ చట్టం ప్యాకెట్లలో అమ్మే ఆహారానికి ఉద్దేశించినది. జపాన్‌లోనైతే వేరుశనగ తప్పనిసరి జాబితాలో ఉంది, నువ్వులు తెలిపితే మంచిదనే సిఫారసు జాబితాలోనే ఉన్నాయి. ‘ఫలానా పదార్థపు జాడలు ఉండవచ్చు’ అనే హెచ్చరిక చాలా చోట్ల తయారీదారు ఇష్టానికి వదిలేసినదే కనుక అది కనిపించనంత మాత్రాన భయం లేదని భావించకూడదు.

హోటల్లో చాలామంది ‘ఇందులో పల్లీలు ఉన్నాయా?’ అని అడిగి, లేవనగానే తృప్తిపడతారు. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది పదార్థంలో కాదు, పనిముట్లలో. అదే నూనెలో అంతకుముందు ఏం వేయించారు, అదే మిక్సీలో ఏ పొడి ఆడించారు, గరిటె ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వెళ్లిందా అన్నవే అడగవలసిన ప్రశ్నలు. వేయించినంత మాత్రాన వేరుశనగలోని అలెర్జీ కలిగించే ప్రొటీన్లు నశించవు. అందుకని అక్కడి భాషలో ఒక చిన్న కార్డు రాయించుకుని వెళ్లండి. ‘ఈ బాబు వేరుశనగ, నువ్వులు, వాటి నూనె, పొడి, ముద్ద, ఏ రూపంలోనూ కొంచెం కూడా తినకూడదు. తింటే ప్రాణాపాయం. శుభ్రంగా కడిగిన పాత్రలో, వేరే నూనెతో వండగలరా? వీలుకాకపోతే దయచేసి చెప్పండి’ అంటే చాలు. చివరి వాక్యాన్ని మాత్రం వదలవద్దు. కాదనే అవకాశం ఇచ్చినప్పుడే వంటవారు నిజం చెబుతారు. కార్డు తీసుకున్న మనిషి వంటగదిలోకి వెళ్లి కనుక్కోకుండా నిలబడినచోటే ‘ఏమీ ఫరవాలేదు’ అంటే, నా మటుకు నేనైతే ఆ హోటల్లో తినను. రద్దీ లేని వేళకు వెళ్లడం మేలు. బఫేలకు దూరంగా ఉండండి.

విమానంలో పక్కవారు పల్లీలు తింటే ఆ వాసనకే ప్రాణం మీదికి వస్తుందని కొందరు బెదిరిపోతారు. వాసన కలిగించేవి అలెర్జీ కారకమైన ప్రొటీన్లు కావు. సాధారణంగా ముప్పు అంతకుముందు కూర్చున్నవారు వదిలిన తునకల నుంచి, చేతికి అంటి నోట్లోకి పోవడం వల్ల వస్తుంది. అందుచేత కూర్చోగానే ట్రేను, సీటు చేతులను తడి వైప్‌లతో తుడవండి. చేతులకు సబ్బు, నీళ్లే వాడండి. శానిటైజర్ క్రిములను చంపుతుందే కాని ప్రొటీన్‌ను తొలగించదు. ఆహారం ఇంటినుంచే తీసుకువెళ్లండి.

ఒకవేళ ఊపిరి ఆడకపోవడమో, గొంతు బిగుసుకోవడమో జరిగితే దురద మాత్ర వేసి వేచి చూడవద్దు. ఆ మాత్ర దద్దుర్లను తగ్గిస్తుంది తప్ప అనాఫిలాక్సిస్‌ను, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలెర్జీని ఆపలేదు. వెంటనే తొడ వెలుపలి వైపు ఎడ్రినలిన్ ఇచ్చి, బాబును పడుకోబెట్టి, ఊపిరికి ఇబ్బందిగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టి, అత్యవసర సహాయాన్ని పిలవండి. లేపి నడిపించకూడదు. అయిదు నిమిషాలైనా తేరుకోకపోతే రెండో పెన్ను వాడాలి. పూర్తిగా కోలుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లక తప్పదు, ఎందుకంటే లక్షణాలు కొన్ని గంటల తరువాత తిరగబెట్టవచ్చు.

ప్రశ్న: నాకు సీలియాక్ వ్యాధి ఉంది. ప్రయాణంలో గోధుమ కొద్దిగా తగిలినా ఫరవాలేదని తోటివారు అంటున్నారు. నిజమేనా?
– మరొక పాఠకుడు

జవాబు: నిజం కాదు. సీలియాక్ ఉన్నవారికి గోధుమ వంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడదు. మీకు అప్పటికప్పుడు ఏ బాధా తెలియకపోయినా దానివల్ల పేగు లోపలి పొర దెబ్బతింటూనే ఉంటుంది. గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించని ఆహారాన్నే గ్లూటెన్ ఫ్రీ అనాలని అంతర్జాతీయ ప్రమాణమైన కోడెక్స్ నిర్దేశించిందంటే, ‘కొద్దిగా’ అనేది ఎంత తక్కువో ఊహించండి. విమానంలో ప్రత్యేక భోజనం సాధారణంగా 24 నుంచి 48 గంటల ముందు చెబితే ఇస్తారు కాని, అది మారిపోయే, అందకపోయే సందర్భాలుంటాయి కనుక మీ తిండి మీరు తీసుకువెళ్లండి. పేస్టులు, పెరుగు వంటివి భద్రతా తనిఖీలో ద్రవాలుగానే లెక్కకు వస్తాయి. చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటితే తీసేసుకుంటారు. తాజా పండ్లు, మాంసం, పాల పదార్థాలను చాలా దేశాలు రానివ్వవు, కాబట్టి సీలు వేసిన పొడి పదార్థాలనే ఎంచుకుని, దిగాక కస్టమ్స్‌లో అడిగితే దాచకుండా చెప్పండి.

ప్రశ్న: మా వారికి పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. హోటల్లో అలెర్జీ అని చెప్పవచ్చా?
– ఇంకొక పాఠకురాలు

జవాబు: చెప్పకపోవడమే మంచిది. ఆ ఉబ్బరం పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగకపోవడం వల్లనే అని వైద్యులు నిర్ధారించి ఉంటే, భోజనంతోపాటు దాన్ని అరిగించే లాక్టేజ్ మాత్ర వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. అలెర్జీ అని చెప్పి, కాసేపటికి అదే బల్ల దగ్గర ఐస్‌క్రీమ్ తెప్పించుకునేవారిని చూసిన వంటవారు, తరువాత నిజమైన అలెర్జీతో వచ్చినవారి మాటనూ తేలికగా తీసుకుంటారు. విమానాల్లో తక్కువ లాక్టోజ్ భోజనం దొరుకుతుంది; అందులో పాల ప్రొటీన్ ఉండవచ్చు కనుక అది మీ వారికి సరిపోతుంది కాని, పాల అలెర్జీ ఉన్నవారికి కాదు.