నల్ ఉన్నచోట సున్నా వేయవచ్చా?

ప్రశ్న: విద్యార్థుల మార్కులు నమోదు చేసే ప్రోగ్రామును జావాలో రాస్తున్నాను. నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో (విలువ లేదని సూచించే నల్‌ను వాడబోయినప్పుడు వచ్చే లోపంతో) అది మాటిమాటికీ ఆగిపోతుండడంతో ప్రతి మెథడ్‌లోనూ నల్ చెక్ పెట్టి, నల్ ఉన్నచోట సున్నా తీసుకొనేలా మార్చాను. ఇప్పుడు ఆగడం లేదు గానీ సగటు మార్కులు తప్పుగా వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ప్రోగ్రాము ఆగిపోయినప్పుడు పొరపాటు ఎక్కడో ఉందని మీకు తెలిసేది, ఇప్పుడు అదే పొరపాటు చప్పుడు లేకుండా సగటులోకి చేరింది. ఒక విద్యార్థికి రెండు సబ్జెక్టుల్లో 80, 70 మార్కులు వచ్చి, మూడోది నల్‌గా ఉందనుకుందాం. ఉన్న రెండింటికే సగటు తీస్తే 75 వస్తుంది, నల్‌ను సున్నాగా లెక్కిస్తే 50 వస్తుంది. వీటిలో ఏది సరైనదో ఆ నల్‌ను చూసి ఎవరూ చెప్పలేరు. విద్యార్థి పరీక్షకు రాలేదా, పేపరు ఇంకా దిద్దలేదా, అసలు ఆ సబ్జెక్టే తీసుకోలేదా అన్న మూడు వేర్వేరు సంగతులను మీరు ఒకే గుర్తుతో రాసిపెట్టారు. గైర్హాజరుకు సున్నా వేయడం నిబంధన కావచ్చు; దిద్దని పేపరుకు సున్నా వేయడం మాత్రం ఆ విద్యార్థికి చేసే అన్యాయమే.

కాబట్టి చెక్‌లు పెంచడం కాక, ఆ మూడు స్థితులకూ పేర్లు పెట్టడం మీ మొదటి పని. ‘ఫలితం’ అనే ఇంటర్‌ఫేస్ (క్లాసులు పాటించాల్సిన ఉమ్మడి ఒప్పందం) ఒకటి రాసి, వచ్చిన మార్కులకు ఒక క్లాస్, గైర్హాజరుకు ఒకటి, దిద్దాల్సిన పేపరుకు ఒకటి పెట్టి, సగటులో తనను లెక్కించాలో వద్దో చెప్పే బాధ్యతను ఆ క్లాసులకే అప్పగించండి. తీసుకోని సబ్జెక్టు జాబితాలోనే ఉండనక్కర్లేదు. అప్పుడు సగటు తీసే మెథడ్‌లో నల్ ప్రసక్తే రాదు. అయితే దీనికి దగ్గరి బంధువైన నల్ ఆబ్జెక్ట్ పద్ధతిని, అంటే ఏ పనీ చేయని ఆబ్జెక్టును నల్ స్థానంలో ఉంచడాన్ని, జాగ్రత్తగా వాడాలి; ఊరకుండడమే సరైన ప్రవర్తన కానిచోట అది కూడా మీ సున్నాలాగే తప్పును కప్పిపెడుతుంది.

నల్ చెక్‌కు తగిన చోటు సరిహద్దు: ఫైలు నుంచి, డేటాబేస్ నుంచి, ఫారం నుంచి సమాచారం లోపలికి వచ్చేచోట, కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టును తయారుచేసే కోడ్‌లో). అక్కడ ‘ఆబ్జెక్ట్స్’ క్లాసులోని ‘రిక్వైర్ నాన్ నల్’ మెథడ్‌తో (నల్ అందితే అది ఎక్సెప్షన్ ఇస్తుంది) నల్‌ను ఆపేస్తే లోపలి కోడ్ నిశ్చింతగా నడుస్తుంది. జాబితా ఇవ్వాల్సిన మెథడ్ ఎన్నడూ నల్ ఇవ్వకూడదు, ఖాళీ జాబితా ఇవ్వాలి.

మీ కోడ్‌లో ఒక వరుసను ప్రత్యేకంగా చూడమంటాను. హాష్ మ్యాప్ (కీతో విలువను వెతికే పట్టిక) నుంచి ‘గెట్’తో తీసిన ఇంటీజర్‌ను నేరుగా, నల్‌ను పట్టుకోలేని ‘ఇంట్’ వేరియబుల్‌లో వేశారేమో వెతకండి. మ్యాప్‌లో ఆ కీ లేకపోతే ‘గెట్’ నల్ ఇస్తుంది, దాన్ని ‘ఇంట్’గా మార్చేటప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది, పైకి చూస్తే అది మామూలు అసైన్‌మెంట్ కనుక ఎవరికీ అనుమానం రాదు.

నల్ రిఫరెన్సును 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, అమలు చేయడం తేలిక కావడం వల్లే ఆ ప్రలోభానికి లొంగానని చెప్పి, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పిదంగా పేర్కొన్నారు. కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టైపు పక్కన ప్రశ్నార్థకం లేకపోతే అందులో నల్ వేయడానికి కంపైలరే ఒప్పుకోదు. జావాలో అంతటి రక్షణ లేదు గనుక ఆ క్రమశిక్షణ మనమే పాటించాలి.

ప్రశ్న: అయితే ఫీల్డులన్నిటినీ ఆప్షనల్‌గా (విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే జావా టైపుగా) మార్చేయవచ్చా?

జవాబు: వద్దు. 2014లో జావా 8తో వచ్చిన ఆప్షనల్‌ను ప్రధానంగా మెథడ్ తిరిగి ఇచ్చే విలువ కోసమే ఉద్దేశించారు. అది సీరియలైజబుల్ కాదు, అంటే ఆబ్జెక్టును బైట్లుగా మార్చి దాచే జావా సదుపాయం దానికి వర్తించదు. పైగా ఆప్షనల్ ఫీల్డు కూడా రిఫరెన్సే కనుక అదే నల్ కావచ్చు. వెతికే మెథడ్‌లకు దాన్ని వాడండి, విలువను మాత్రం ‘గెట్’తో కాక ‘ఆర్ ఎల్స్ త్రో’తో తీయండి. రెండూ ఖాళీ ఆప్షనల్‌పై ఎక్సెప్షన్‌నే ఇస్తాయి గానీ, రెండో పేరు ఆ సంగతిని చదివేవారికి ముందే చెబుతుంది.