ఎన్నికల ముందు ఖాళీ అయిన జడ్జి కుర్చీ ఎవరిది?

ప్రశ్న: ఎడిటర్ గారూ, ఒబామా పంపిన జడ్జిని ఎన్నికల ఏడాది అని 2016లో ఆపేసినవాళ్లే, 2020లో ట్రంప్ పంపిన జడ్జిని సరిగ్గా ఎన్నికల ముందు కూర్చోబెట్టారట. అమెరికాలో దీనికి రూలంటూ లేదా? ఒక్క జడ్జి కోసం అంత గొడవెందుకు?

జవాబు: లేదండీ, చిక్కంతా అక్కడే. సుప్రీంకోర్టు జడ్జి పేరు అధ్యక్షుడు సూచించాలి, సెనేట్ (వాళ్ల పార్లమెంటులో వందమంది ఉండే పెద్ద సభ) ఒప్పుకోవాలి, రాజ్యాంగం చెప్పింది అంతే. ఎన్నాళ్లలో తేల్చాలో, ఎన్నికలు దగ్గరపడితే ఏం చేయాలో అందులో లేదు కాబట్టి సెనేట్‌లో ఎవరికి బలముంటే వాళ్ల మాటే చెల్లుతోంది.

2016 ఫిబ్రవరి 13న జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా చనిపోయిన వార్త వచ్చిన కొద్ది గంటల్లోనే, ఈ ఖాళీని కొత్త అధ్యక్షుడే నింపాలని సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ ప్రకటించేశారు. ఎన్నికలు ఇంకా దాదాపు తొమ్మిది నెలల దూరంలో ఉన్నాయి. మార్చి 16న డెమోక్రాట్ అయిన ఒబామా పంపిన మెరిక్ గార్లండ్ పేరు 293 రోజులు అలాగే పడి ఉండి, చివరికి ఆ సెనేట్ గడువుతో పాటే ముగిసిపోయింది. నాకు మింగుడుపడనిది ఇదే. రిపబ్లికన్లు 54 మంది ఉన్నారు కదా, ఆయన్ను కమిటీ ముందు కూర్చోబెట్టి, అడగాల్సినవన్నీ అడిగి, నచ్చకపోతే ఓటేసి ఓడించవచ్చు. అప్పుడు ఎవరు ఎటు ఓటేశారో జనానికి తెలిసేది, లెక్క అడిగేవాళ్లు. అసలు విననే లేదు.

2020 సెప్టెంబర్ 18న జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ చనిపోయారు. 26న రిపబ్లికన్ అయిన ట్రంప్ ఎమీ కోనీ బారెట్ పేరు ప్రకటిస్తే, అక్టోబర్ 26కల్లా 52-48 ఓట్లతో ఆమోదం అయిపోయింది. ఎన్నికలకు ఎనిమిది రోజులుంది, కోట్లమంది ముందస్తు ఓటు వేసేశారు కూడా. ఇప్పుడు అధ్యక్షుడిదీ సెనేట్‌దీ ఒకే పార్టీ, 2016లో అలా కాదు అన్నది మెకానెల్ వాదన. సరే, కానీ అప్పట్లో జనానికి గట్టిగా వినిపించింది ప్రజలే తేల్చాలన్న మాట. ఆ ఏడాదే లిండ్సే గ్రాహం అనే రిపబ్లికన్ సెనేటర్, రేపు మా అధ్యక్షుడికి ఇదే పరిస్థితి వస్తే నా మాటలు నాకే అప్పజెప్పండి అన్నారు. బారెట్ విచారణ నడిపిన కమిటీకి ఛైర్మన్ ఆయనే!

ఆమోదం వచ్చిన రాత్రే వైట్‌హౌస్ ఆవరణలో ప్రమాణం చేసి, ఆమె ట్రంప్ పక్కన బాల్కనీలో నిలబడ్డారు. మళ్లీ పోటీ చేస్తున్న అభ్యర్థి పక్కన, ఎన్నికలకు వారం ముందు, ఒక జడ్జి! ఆ ఒక్కటైనా వద్దని ఉండాల్సింది.

ఇక గొడవెందుకంటే, మన దగ్గరలా 65 ఏళ్లకు రిటైర్మెంట్ అక్కడ లేదు, పదవి జీవితాంతం. ఉండేది తొమ్మిదిమందే. బారెట్‌కి అప్పుడు 48 ఏళ్లు. 2022లో, 1973 నాటి అబార్షన్ హక్కు తీర్పును కొట్టేసిన అయిదుగురిలో ఆమె ఒకరు.

ప్రశ్న: డెమోక్రాట్లు మాత్రం తక్కువ తిన్నారా?

జవాబు: లేదు. 1992 జూన్‌లో, ఖాళీ వస్తే ఎన్నికలు అయ్యేదాకా అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు సీనియర్ బుష్ పేరు పంపకుండా ఉండాలని సెనేట్‌లో మాట్లాడింది జో బైడెన్. ఖాళీ రాలేదు కాబట్టి అది మాటగానే మిగిలింది. కింది కోర్టుల జడ్జిల విషయంలో 60 ఓట్ల అడ్డును, అంటే చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 మంది ఒప్పుకోవాలన్న నిబంధనను, 2013లో తీసేసింది వాళ్లే, 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టుకీ తీసేశారు. అప్పటి నుంచి అవతలి పార్టీని ఒప్పించాల్సిన పనే లేకుండా పోయింది. ఒకప్పుడు ఇలా లేదండీ. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ పంపిన ఆంథొనీ కెన్నెడీని 1988 ఫిబ్రవరిలో, ఎన్నికల ఏడాదిలోనే, డెమోక్రాట్ల చేతిలో ఉన్న సెనేట్ 97-0తో ఆమోదించింది.

ప్రశ్న: మరి దీనికి మార్గం?

జవాబు: జడ్జి పదవిని 18 ఏళ్లకు పరిమితం చేయాలని 2024లో బైడెన్ ప్రతిపాదించారు. ఖాళీలు లెక్క ప్రకారం వస్తాయి, ఎవరు ఎప్పుడు చనిపోతారా అని పార్టీలు కాచుకు కూర్చోవాల్సిన పని ఉండదు, అందుకే నాకది నచ్చింది. కానీ దానికి చాలావరకు రాజ్యాంగ సవరణే కావాలంటున్నారు, అంటే రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం. ఈలోగా, ఏ అధ్యక్షుడు పంపిన పేరైనా ఇన్ని రోజుల్లో విచారణ జరిపి ఓటింగ్ పెడతామని సెనేట్ తనకు తానే నిబంధన రాసుకోవచ్చు, దానికి రాజ్యాంగాన్ని ముట్టుకోనక్కర్లేదు.