చైనాలో మానసిక ఒత్తిడికి అసలు కారణం 996 ఉద్యోగాలేనా?

కాదండీ. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు పని చేయించే 996 పద్ధతే చైనావాళ్లను కుంగదీస్తోందని వార్తల్లో చదివానని, అది నిజమేనా అని మీరు అడిగారు. ఆ పని గంటలు అన్యాయమే. అక్కడి చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ నెలకు 36 గంటలు మించకూడదు. 996 చట్టవిరుద్ధమని 2021 ఆగస్టులో వాళ్ల సుప్రీం కోర్టు కూడా చెప్పింది. కానీ సర్వేలు తెరిచి చూస్తే ఎక్కువ బాధ కనిపించేది షెన్‌జెన్‌లోని ప్రోగ్రామర్లో కాదు. పల్లెలో ఉంటూ, బడి మొహం చూడకుండా అరవై దాటిన ఆడమనిషిలో. భర్త పోయి, ఒంట్లో ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. మన టీవీల్లో ఆమె గురించి ఒక్క కథనమూ రాదు. ల్యాప్‌టాప్ మీద తల వాల్చిన కుర్రాడి ఫొటో మాత్రం ప్రతిసారీ వేస్తారు. ఈ విషయంలో నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు 2011 నుంచి చార్ల్స్ అనే సర్వే నడుపుతున్నారు. 45 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, రెండు మూడేళ్లకోసారి అవే కుటుంబాలను అడుగుతారు. దాని మొదటి విడతలోనే 60 దాటినవాళ్లలో దాదాపు 40 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మగవాళ్లలో ఇంచుమించు మూడో వంతు, ఆడవాళ్లలో సగానికి కాస్త తక్కువ. మరోవైపు 2013–15 మధ్య దేశమంతటా 32,552 మందితో జరిపిన మానసిక ఆరోగ్య సర్వేలో, గడిచిన ఏడాదిలో కుంగుబాటు వ్యాధి ఉన్నవాళ్లు 3.6 శాతమే. ఈ రెండు అంకెలూ చూసి చైనా లెక్కలే నమ్మలేమని కొట్టిపారేసేవాళ్లను చాలామందిని చూశాను. రెండూ సరైన లెక్కలే. ఒకటి వృద్ధులను గత వారం ఎలా గడిచిందని అడుగుతుంది. రెండోది 18 ఏళ్లు దాటిన అందరికీ సుదీర్ఘమైన ఇంటర్వ్యూ చేసి, వ్యాధి నిర్ధారణ నియమాలకు సరిపోతేనే లెక్కలోకి తీసుకుంటుంది. బాధ ఉన్న ప్రతివాళ్లకీ వ్యాధి ఉండదు.

చార్ల్స్‌లో అడిగేవి 10 ప్రశ్నలు. చిన్న విషయాలకే చికాకు పడ్డారా, నిద్ర సరిగా పట్టిందా, ఒంటరిగా అనిపించిందా, భయం వేసిందా, ఇలా ఉంటాయి. గత వారంలో ఒక రోజు కూడా లేకపోతే 0, 1–2 రోజులైతే 1, 3–4 రోజులైతే 2, 5–7 రోజులైతే 3. మొత్తం 30కి 10, ఆపైన వస్తే లక్షణాలు ఎక్కువ ఉన్నట్టు. పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఈ పదిలో రెండు ప్రశ్నలు తిరగేసినవి: సంతోషంగా ఉన్నారా, రేపటి మీద ఆశ ఉందా. వీటికి మార్కులు తలకిందులుగా వేయాలి. మరచిపోతే వారమంతా హాయిగా గడిపిన మనిషికి 6 పాయింట్లు ఉత్తినే వచ్చిపడతాయి. సరిగ్గా వేసినా ఇంకో చిక్కుంది. పెద్ద వయసు చైనావాళ్లు 'నేను సంతోషంగా ఉన్నాను' అని ఘంటాపథంగా చెప్పుకోరు. ఆ మొహమాటం కూడా స్కోరులో బాధగా నమోదవుతుంది.

మన దేశంలో లాసీ అనే సర్వే కూడా చార్ల్స్ తరహాదే. 2017–18లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ చేశారు. ప్రశ్నలు దాదాపు అవే. కానీ లాసీ మీద రాసేవాళ్లు సాధారణంగా ఒక్కో జవాబును ఉంది–లేదు అని రెండు ముక్కలు చేసి, పదికి 4, ఆపైన వస్తే లెక్కలోకి తీసుకుంటారు. అందుకని రెండు శాతాలూ పక్కపక్కన పెట్టి మనవాళ్లు నయం, వాళ్లు అధ్వానం అని తేల్చేయకండి. ముందు కటాఫ్ ఎంత పెట్టారో చూడండి. అలాగే పెకింగ్ యూనివర్సిటీదే ఇంకో సర్వే, కుటుంబాల మీద చేసేది, 2010లో 6 ప్రశ్నల కొలత వాడి, 2012లో 20 ప్రశ్నల కొలతకు మారింది. ఆ రెండేళ్ల మధ్య గ్రాఫ్ ఎగబాకినా దిగినా అది జనం మారడం వల్లో, ప్రశ్నపత్రం మారడం వల్లో ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు కారణాలు. 1958 నాటి హుకౌ అనే నివాస నమోదు చట్టంతో ప్రతి మనిషీ ఒక ఊరికి కట్టుబడ్డాడు. పల్లె హుకౌ, పట్నం హుకౌ అనే ముద్రను 2014లో తీసేస్తామన్నారు గానీ, పిల్లల బడి, గావ్‌కావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష రాసే చోటు, వైద్య బీమా, పింఛను ఇప్పటికీ చాలావరకు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి. 2023లో వలస కూలీలు 29.7 కోట్ల మంది. వాళ్లలో చాలామంది పిల్లల్ని తాతయ్య, నానమ్మల దగ్గర వదిలే వెళ్తారు.

అయితే వలస అంటేనే దుఃఖమని అనుకోకండి. 1995–99 నాటి లెక్కల్లో చైనాలో ఆత్మహత్యలు లక్షకు 23. పల్లెల్లో పట్నాలకు మూడింతలు. ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేని విధంగా మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఇంట్లో పురుగుమందు అందుబాటులో ఉండటం, అత్తింటి గొడవల నుంచి తప్పించుకునే దారి లేకపోవడం పెద్ద కారణాలు. మన పత్తి జిల్లాలు చూసినవాళ్లకు ఇందులో మొదటిది విడమరచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత యువతులు లక్షలాదిగా ఫ్యాక్టరీ పట్నాలకు వెళ్లారు, రేటు బాగా పడిపోయింది. వాళ్లకు వలస ఊపిరి పోసింది. బరువంతా ఊళ్లో మిగిలిన పెద్దవాళ్ల మీద పడింది.

బాధ ఎక్కడ నుంచి వస్తుందో తెలియాలంటే చాంగ్‌షా నగరంలో జరిగిన ఉదంతం చూడండి. మావో కాలపు రాజకీయ అల్లకల్లోలం, సాంస్కృతిక విప్లవం, ముగిసిన నాలుగేళ్లకు, 1980లో, ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు అక్కడి హునాన్ మెడికల్ కాలేజీలో నరాల బలహీనత అని చీటీ రాసిన 100 మందిని పరీక్షించాడు. ఎక్కువమందివి తలనొప్పి, నిద్ర లేకపోవడం, కళ్లు తిరగడం లాంటి బాధలు. విడిగా కూర్చోబెట్టి అడిగితే 87 మందిది కుంగుబాటే. మరి ఎందుకు చెప్పలేదు? ఆ రోజుల్లో బతుకు మీద ఆశ లేదంటే విప్లవం మీదే నమ్మకం లేదని అర్థం తీసేవారు. తలనొప్పి అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. డాక్టరు చీటీ ఇస్తాడు, పనిచేసేచోట సెలవు దొరుకుతుంది. మందులు ఇస్తే చాలామందికి లక్షణాలు తగ్గాయి. కానీ ఇష్టం లేని ఉద్యోగం, భార్య ఒక ఊళ్లో భర్త ఒక ఊళ్లో ఉండే పోస్టింగు వంటివి తీరనివాళ్లు రోగులుగానే మిగిలారు. బయటి చిక్కు విడిపోయినవాళ్లే నిజంగా కోలుకున్నారు.

ఇప్పుడు పరిస్థితి మారింది గానీ, 2013–15 సర్వేలోనే కుంగుబాటు ఉన్నవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 9.5 శాతానికి, సరిపడా అందింది 0.5 శాతానికి. పెళ్లికాని పల్లె మగవాళ్లది మరో వ్యథ. 2020 జనగణనలో ఆడవాళ్లకంటే మగవాళ్లు 3.49 కోట్లు ఎక్కువ. పేద ప్రావిన్సుల్లో చదువూ ఇల్లూ లేనివాళ్లే ఒంటరిగా మిగిలిపోతున్నారు.

డబ్బు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. 2009లో పల్లెల్లో 60 దాటినవాళ్లకు నెలకు 55 యువాన్ల కనీస పింఛను మొదలైంది. ఒక్కో కౌంటీలో ఒక్కో ఏడాది అమలైంది కాబట్టి వచ్చినచోటునూ రానిచోటునూ పోల్చే వీలు దొరికింది. వచ్చినచోట పెద్దవాళ్ల కుంగుబాటు స్కోర్లు తగ్గాయి. అంత చిన్న మొత్తానికే! 2024లో అది 123 యువాన్లు, మన డబ్బులో 1,400 రూపాయల చిల్లర. షాంఘైలో స్థానిక ప్రభుత్వం కలిపి వెయ్యి దాటిస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు సగటున 3,000 పైనే. మీరు ఈ విషయం మీద ఏదైనా రాయాలనుకుంటే ప్రావిన్సుల వారీగా పల్లె పింఛను, దాని పక్కన చార్ల్స్ స్కోరు పెట్టుకుని మొదలుపెట్టండి. పని గంటల పట్టిక తర్వాత చూసుకోవచ్చు.